చెన్నైలో నీటి పక్కన పరుగెత్తే దారులు ఉన్నాయా?

బందరుకాలువ

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి విజయవాడ నుంచి చెన్నై వచ్చాను. ఇల్లు తిరువాన్మియూరు, ఆఫీసు తరమణి. విజయవాడలో ఉన్నన్నాళ్ళూ కాలువ గట్ల మీదే పరుగెత్తేదాన్ని. బందరు కాలువ వెంట కొంత, ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు కొంత. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున ఉన్న చెత్తంతా బయటపడి చూడబుద్ధి కాదు. అప్పుడు బ్యారేజీతోనే సరిపెట్టుకునేదాన్ని.

ఇక్కడ మ్యాపు తెరిస్తే నీలిగీతలకు కొదవలేదు. అడయారు, కూవం నదులు, బకింగ్‌హామ్ కాలువ, వాటి మధ్య ఎటు చూసినా ఏదో ఒక చెరువు. తీరా వెళ్ళి చూస్తే మా ఇంటి దగ్గరి కాలువకు అటూ ఇటూ గోడ, నెత్తిన రైలు వంతెన, కింద నల్లటి నీళ్ళు. ఇంటావిడను అడిగితే అందరూ బీచికే పోతారు, నువ్వూ పో అంది. బీచి బాగానే ఉంది, కాదనను. కానీ నాకు వంతెనలు కావాలి. అవతలి గట్టు కనపడాలి. కొంగలు ఉండాలి. సముద్రానికి అవతలి గట్టు ఎక్కడిది?

నది పక్కనో, కాలువ పక్కనో, చెరువు చుట్టూనో ముక్కు మూసుకోకుండా పరుగెత్తగల దారి ఉంటే చెప్పండి. మామూలు రోజుల్లో ఐదారు కిలోమీటర్లు చాలు, ఆదివారం పదిహేను దాకా కావాలి. జనవరిలో హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చాను. పొద్దున్నే ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళగల చోటేనా కాదా అన్నది కూడా చెబితే మేలు. నా తమిళం ఇంకా కూరగాయల బేరం దగ్గరే ఆగింది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ట్రెడ్‌మిల్లు రాజా

ముక్కు మూసుకోకుండా అన్నారు చూశారా, అక్కడే మీ ప్రశ్న కొట్టుకుపోయింది. కూవాన్ని బాగుచేస్తామన్న మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మీ వీధి చివర ఏదో ఒక జిమ్ము ఉంటుంది, చేరండి. ఏసీ ఉంటుంది, కుక్కలు ఉండవు. నీళ్ళు కావాలంటే సీసాలో పట్టుకెళ్ళండి.

పాత హార్బరు

రాజాగారి మాట పట్టించుకోకండమ్మా. ఈ ఊరి నదులను ఆయన బస్సు కిటికీలోంచి తప్ప చూసి ఉండరు.

నాది సూళ్ళూరుపేట. స్థిరపడింది మందవెల్లిలో. హార్బరు దగ్గర నౌకల ఏజెంట్ల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి ఇప్పుడు ఖాళీగా ఉన్నాను. పరుగులో నా వేగం చెప్పుకోదగ్గది కాదు. చీర కొంగు బిగించి నడిచే పెద్దావిడలు నన్ను దాటిపోతూ ఉంటారు, నేను దారి ఇస్తూ ఉంటాను. కానీ ఆటుపోట్ల పట్టిక చదవడం నా ఉద్యోగం నేర్పింది, ఈ ఊళ్ళో పరుగుకు అదే అక్కరకొచ్చింది. చెన్నైలో నీటి పక్కన పరుగెత్తాలంటే దారి కన్నా ముందు వేళ తెలియాలి. ఒకే వంతెన ఒక ఆదివారం నది మీద ఉంటుంది, పై ఆదివారం మురుగు మీద ఉంటుంది.

ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. వానలు లేని నెలల్లో అడయారుకూ కూవానికీ సొంత నీళ్ళు దాదాపు ఉండవు, ఊరి మురుగే పారుతుంది. అయితే సముద్రానికి దగ్గరగా ఉన్న భాగంలోకి పోటు వేళ ఉప్పునీరు ఎక్కుతుంది. అప్పుడు బురద మునుగుతుంది, నది ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా కనిపిస్తుంది, వాసన అణుగుతుంది. ఆటు వేళ ఆ నీరు దిగిపోయి నల్ల బురద తేలుతుంది. ప్రాణవాయువు అందని ఆ బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడే మీరు విన్న కూవం కంపు. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజు రోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి ఈ ఆదివారం ఆరింటికి నిండు పోటు ఉంటే, వచ్చే ఆదివారం ఆరింటికి ఇంచుమించు ఆటు. ఆ పై ఆదివారం మళ్ళీ పోటు. ఆటు ఆదివారం వెళ్ళినవాళ్ళు తిట్టుకుంటూ ఇంటికొచ్చి జిమ్ములో చేరతారు.

ఇంకో సంగతి ఇసుక. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి. 19వ శతాబ్దం చివర్లో హార్బరు గోడలు కట్టాక ఆ ఇసుక ముందుకు పోలేక వాటికి దక్షిణాన పేరుకుంది. మెరీనా అంత వెడల్పైన బీచి అయిందీ, కూవం నోరు పూడుకుపోయిందీ అందువల్లే. అడయారు నోటికి కూడా వానలు తగ్గాక ఇసుక మేట వేస్తుంది, యంత్రాలు పెట్టి తీస్తుంటారు. నోరు మూసుకుంటే పోటు లోపలికి రాదు, పట్టిక చూసి లాభం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వరద వచ్చినప్పుడు తనంతట తానే తెరుచుకుంటుంది. అందుకే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అడయారు చూడాల్సిన కాలం. మీ హాఫ్ మారథాన్ జనవరిలో అన్నారు, ముహూర్తం కుదిరింది.

ఇక గాలి. ఎండాకాలం తెల్లవారుజామున గాలి పడమటి నుంచి వస్తుంది, పగలు ముదిరితే గానీ సముద్రపు గాలి తిరగదు. ఎగువ నది కంపంతా అప్పుడు వంతెన మీదికే వస్తుంది. శీతాకాలంలో ఈశాన్యపు గాలి, సముద్రం మీద నుంచి చల్లగా తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను నది జోలికి పోను, బీచి ఒడ్డునే కాలక్షేపం చేస్తాను. మీరూ అదే చేయండి.

ఇప్పుడు దారి. మీ ఇంటి నుంచి బయలుదేరి కళాక్షేత్ర వైపు సందుల్లోంచి బీసెంట్ నగర్ ఎలియట్స్ బీచికి రండి. 1930లో మునిగిపోయేవాళ్ళను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ నావికుడు కార్ల్ ష్మిట్ పేరిట కట్టిన తెల్లటి మండపం ఉంటుంది చూడండి, అక్కడి దాకా మీకు తెలిసే ఉంటుంది. దాన్ని దాటి ఉత్తరానికి ఊరూర్ కుప్పం అనే జాలరిపేట వైపు పోతే విరిగిన వంతెన వస్తుంది. 1967లో కట్టారు, 1977 వరదలో విరిగింది, తర్వాత ఎవరూ అతికించలేదు. ముఖద్వారం మొత్తం అక్కడి నుంచి కనిపిస్తుంది. మీరు అడిగిన అవతలి గట్టూ కనిపిస్తుంది, వంతెనే అక్కడి దాకా చేరదు. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి, చీకట్లో అసలే వద్దు.

నదిని దాటాలంటే మళ్ళీ వెనక్కి వచ్చి బీసెంట్ అవెన్యూ పట్టుకోవాలి. ఒక పక్కంతా థియొసాఫికల్ సొసైటీ గోడ. ఆ సంస్థ 1882లో అడయారుకు వచ్చింది, లోపల పెద్ద తోట ఉంది. చెట్ల కొమ్మలు గోడ దాటి రోడ్డు మీదికి వాలి ఉంటాయి. మే నెలలో కూడా ఆ రోడ్డు మీద ఊపిరి ఆడుతుంది. అది అయ్యాక అడయారు సిగ్నల్ దాటి తిరు వి.క. వంతెన.

ఈ వంతెన గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు ఇష్టమైనది ఇదే. తూర్పు వైపు కాలిబాట ఎక్కండి. ఎడమ వైపు బండ్లు పోతూనే ఉంటాయి, వాటిని మరిచిపోవాలి. కుడి వైపు నది వెడల్పుగా విచ్చుకుని, మధ్యలో చిన్న చిన్న దిబ్బలతో సముద్రం దాకా పరుచుకుని ఉంటుంది. పోటు ఎక్కే వేళ విసురువల వేసేవాళ్ళు ఒకరిద్దరు నడుం లోతు నీళ్ళలో ఉంటారు. వల అంచు ఒకచోట పళ్ళతో కరిచి పట్టుకుంటారు, మిగిలింది రెండు చేతుల మీదా పంచుకుంటారు, ఒక్క తిప్పు తిరిగి వదిలేస్తారు. వల గుండ్రంగా విచ్చుకుని నీటిని తాకినప్పుడు అంచునున్న సీసపు గుళ్ళు ఒక్కసారే మునుగుతాయి, ఆ చప్పుడు వంతెన మీదికి వినిపిస్తుంది. చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తేవాళ్ళకు ఇది దక్కదు, వాళ్ళ ఖర్మ. నీటి పైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా దూకే నలుపు తెలుపు లకుముకి పిట్ట కూడా అక్కడ ఉంటుంది. కొంగలు మీరు కోరినన్ని.

వంతెన దిగితే దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. ఆవిడ 1937లో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ ఈ రోడ్డు మీదే ఉంది. మనవాళ్ళలో చాలామంది ఇక్కడి ఆసుపత్రిలో పుట్టారు. ఇక్కడి నుంచి వెనక్కి తిరిగితే మొత్తం పదకొండు పన్నెండు కిలోమీటర్లు అవుతుంది. ఇంకా ఓపిక ఉంటే శాంథోమ్ వైపు తిరిగి పట్టినపాక్కం మీదుగా లూప్ రోడ్డులోకి రండి. తెల్లవారాక పడవలు ఒడ్డుకొచ్చి చేపల బేరాలు సాగుతుంటాయి. చేపల వాసన కిట్టనివాళ్ళు శాంథోమ్ హైరోడ్డునే పోవచ్చు, చర్చి కనిపిస్తుంది. లైట్‌హౌస్ దగ్గర మెరీనా కాలిబాట మొదలవుతుంది. మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువగా తిన్నగా పోతే శ్రామిక విజయ విగ్రహం, దాని తర్వాత కూవం మీద నేపియర్ వంతెన. 1869 నాటిది. 2022 చదరంగం ఒలింపియాడ్‌కు దానికి నలుపు తెలుపు గళ్ళు వేశారు. నాకేమీ నచ్చలేదు, పిల్లలు మాత్రం ఫొటోలు దిగుతుంటారు.

మీ ఇంటి నుంచి అక్కడికి ఒక వైపే పదమూడు దాకా వస్తుంది. కాబట్టి వెనక్కి పరుగెత్తకండి. దగ్గర్లోనే చేపాక్ రైల్వే స్టేషన్ ఉంది, అక్కడ ఎంఆర్‌టీఎస్ అనే ఊరి రైలెక్కితే తిన్నగా తిరువాన్మియూరులో దిగుతారు. గ్రీన్‌వేస్ రోడ్డు, కోట్టూరుపురం స్టేషన్ల మధ్య రైలు అడయారును దాటుతుంది, కిటికీ పక్కన కూర్చుంటే పోటు ఎంతవరకూ ఎక్కిందో తెలిసిపోతుంది. ఆఫీసుకు ఆ రైల్లో వెళ్ళేవాళ్ళకు అదే రోజువారీ పట్టిక.

చివరగా మీ ఇంటి దగ్గరి నల్ల నీళ్ళ కాలువ. దాన్ని మరీ ఈసడించుకోకండి, అది మీ వైపు నుంచి వచ్చిందే. మీ బందరు కాలువతో కాదు, కృష్ణకు అవతలి ఒడ్డు కాలువలతో దానికి చుట్టరికం. సీతానగరం వైపు బయలుదేరిన నీరు దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువగా పెదగంజాం చేరుతుంది. బకింగ్‌హామ్ కాలువ అక్కడ మొదలై ఒంగోలు తీరం, నెల్లూరు తీరం, పులికాట్ మీదుగా చెన్నైలోకి వచ్చి, ఊరు దాటి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు పోతుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడంతో మొదలైంది. అడయారునూ కూవాన్నీ కలిపే ముక్కను 1877–78 కరువులో కూలి కోసం వచ్చిన జనం తవ్వారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి పెట్టారు, తవ్వినవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. మా తాతల కాలంలో సరుగుడు కట్టెలూ ఉప్పూ ధాన్యమూ పడవల మీద ఈ కాలువలోనే మద్రాసు చేరేవి. తర్వాత రైలు స్తంభాలు దాని నడుమే దిగాయి. ఊళ్ళో దాని పక్కన పరుగెత్తేందుకు ఏమీ మిగల్లేదు, అంతవరకూ రాజాగారితో ఏకీభవిస్తాను.

చిత్తడినేల

హార్బరు బాబాయ్ గారు ఆడవాళ్ళ ప్రశ్నకు రెండు ముక్కలతో సరిపెట్టారు, మిగతాది నేను చెబుతాను.

బందరుకాలువ గారూ, నేను వేళచ్చేరిలో ఉంటాను, ఎక్కువగా ఒంటరిగానే పరుగెత్తుతాను. ఎలియట్స్ బీచి, బీసెంట్ అవెన్యూ, మెరీనా కాలిబాట ఈ మూడింటి మీదా ఐదున్నర తర్వాత జనం ఉంటారు, భయం లేదు. మే చివర్లో 5:40కే సూర్యుడు వస్తాడు, జనవరిలో 6:30 దాటితే గానీ రాడు. ఎండాకాలం అలవాటు ప్రకారం జనవరిలో కూడా ఐదింటికే బయలుదేరితే గంటన్నర చీకట్లో పరుగెత్తాలి. లూప్ రోడ్డులో, కుప్పాల దగ్గర మనుషులతో ఇబ్బంది ఎప్పుడూ లేదు, కుక్కలతోనే. వాటికి చేప ముక్కల కాపలా ఎక్కువ. దగ్గరికి రాగానే నడకలోకి దిగండి, చూపు కలపకండి, దాటాక మళ్ళీ పరుగు. మొదట్లో నాకు నామోషీగా ఉండేది, ఇప్పుడు వాటికీ నాకూ ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు చెరువుల సంగతి, ఎందుకంటే బాబాయ్ గారికి ఉప్పునీరు తప్ప కనపడదు. మీకు దగ్గర్లోనిది పళ్ళికరణై చిత్తడినేల. 2022లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది, విస్తీర్ణం 1,248 హెక్టార్లు. దాని ఒక అంచున నడకదారితో పార్కు కట్టారు. నవంబరు నుంచి మార్చి దాకా రాజహంసలు, గూడబాతులు, నీళ్ళు కనపడనంత బాతులు. అక్కడ పరుగు వేగంగా సాగదు, ప్రతి మలుపులోనూ కెమెరా పట్టుకున్నవాళ్ళకు అడ్డం పడకుండా చూసుకోవాలి. మామూలు రోజు మీ ఐదు కిలోమీటర్లకు చాలు. గాలి పెరుంగుడి చెత్తదిబ్బ వైపు నుంచి ఉన్న రోజున మాత్రం వద్దు. ఆ దిబ్బను చిత్తడినేలలోనే పోశారు, దాని గురించి మొదలుపెడితే ఆగను కాబట్టి వదిలేస్తున్నాను.

చిట్లపాక్కం చెరువును పూడిక తీసి గట్టు మీద నడకదారి వేశారు. చుట్టూ ఇళ్ళు, పొద్దున్నే కాలనీ జనం అంతా అక్కడే, కొత్తగా పరుగు మొదలుపెట్టేవాళ్ళకు ఇదే చెబుతాను. ఊరి నడిమధ్యన చేట్‌పట్ చెరువు ఉంది, అదీ బాగుంటుంది గానీ మీకు దూరం. చెంబరంబాక్కం, పుళల్ లాంటి తాగునీటి చెరువుల గట్లు మ్యాపులో ఊరిస్తాయి. మామూలుగా లోపలికి రానివ్వరు, పొద్దున్నే అంత దూరం పోయి గేటు చూసి రావడం ఎందుకు.

నా ఆదివారం దారి ఇవేవీ కాదు. కోవళం నుంచి కేళంబాక్కం వెళ్ళే రోడ్డు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు)నూ ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు)నూ కలిపే అడ్డరోడ్డు అది, రెండు పక్కలా వెనుకనీళ్ళే (బ్యాక్‌వాటర్స్). ఒకవైపు ఉప్పుమడులు కూడా ఉన్నాయి, ఎండాకాలం తెల్లటి కుప్పలు కనిపిస్తాయి. వానలయ్యాక నీళ్ళ లోతు తగ్గినప్పుడు రాజహంసలు అక్కడికీ వస్తాయి. మీ కాలువ ఈ నీళ్ళలోంచే పోతుంది. బాబాయ్ గారికి చెప్పండి, ఊరు దాటాక దాని పక్కన పరుగెత్తవచ్చు. రెండు ఇబ్బందులున్నాయి. నీడ ఒక్క చోటా లేదు, ఏడున్నర దాటితే రోడ్డు కాలుతుంది. కాలిబాట కూడా లేదు, రోడ్డు అంచునే పోవాలి. అందుకే అక్కడికి ముగ్గురు నలుగురం కలిసి, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడి పక్కన పరుగెత్తుతాం. ఆదివారం పొద్దున ఈసీఆర్ మీద మోటారు సైకిళ్ళ పిచ్చి ఎక్కువ, ఆ రోడ్డు మీద మాత్రం పరుగు పెట్టుకోకండి, దాటడం వరకే.

ట్రెడ్‌మిల్లు రాజా

పోటు చూడాలి, గాలి చూడాలి, ఇసుక చూడాలి, కుక్కల కళ్ళలోకి చూడకూడదు. నా మిషనుకు ఒకటే మీట.

బందరుకాలువ

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, ఇద్దరికీ ధన్యవాదాలు. రాజాగారూ, మీకు కూడా.

హార్బరు బాబాయ్ గారూ, నేనూ అలాగే పిలుస్తాను, రెండు అనుమానాలున్నాయి. ఆటుపోట్ల పట్టిక ఎక్కడ చూడాలి, అందులో ఉన్న వేళే వంతెన దగ్గర కూడా వర్తిస్తుందా? రెండోది, తిరు వి.క. వంతెన దాకా నేను వెళ్ళి వచ్చాను, ఆటో మీద. అడయారు దగ్గర మెట్రో పనుల కంచెలతో కాలిబాట చాలాచోట్ల లేదు. పరుగెత్తుతూ అక్కడ ఎలా నెట్టుకొస్తున్నారు?

చిత్తడినేల గారూ, మీ కోవళం బృందంలో నిదానంగా పరుగెత్తేవాళ్ళకు చోటుంటే చెప్పండి. నాకు కిలోమీటరుకు ఏడు నిమిషాలు పడుతుంది.

చిత్తడినేల

మేమూ ఏడే. రాజహంసలు కనిపిస్తే తొమ్మిది. మీకు విడిగా సందేశం పెడుతున్నాను. నీళ్ళ సీసా తప్పనిసరి, దారిలో కొనుక్కుందాం అనుకుంటే దొరకదు.

పాత హార్బరు

కోవళం రోడ్డు సంగతి ఒప్పుకుంటున్నాను, అక్కడ కాలువ కాలువలాగే ఉంటుంది. ఉప్పునీరు తప్ప కనపడదన్న అభియోగాన్ని మాత్రం ఖండిస్తున్నాను, ఆవిడ చెప్పిన కోవళం నీళ్ళూ ఉప్పువే.

పట్టిక కోసం ఎక్కడికీ వెళ్ళక్కరలేదమ్మా. ఫోనులో చెన్నై పేరు కొట్టి ఆటుపోట్లు అని వెతికితే ఆ రోజు వేళలు వచ్చేస్తాయి. అవి హార్బరు దగ్గరి లెక్కలు. నది లోపలికి నీరు ఎక్కడానికి కొంత సమయం పడుతుంది, అందుకని పట్టికలో ఉన్న వేళకు కాస్త తర్వాత వంతెన మీద ఉండేటట్టు బయలుదేరండి. ఎంత తర్వాత అన్నది ఇసుక మేటను బట్టి మారుతుంది, రెండు మూడు వారాలు చూస్తే మీకే తెలుస్తుంది. మన దగ్గర పోటు ఎత్తు ఒక మీటరు చుట్టుపక్కలే, పెద్దగా ఊహించుకోకండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. గోడ మీద మన తెలుగు క్యాలెండరు ఉంటే తిథి చూసుకున్నా చాలు.

మెట్రో కంచెల సంగతి నిజమే, ఆ పనుల్లో నది అడుగున సొరంగం కూడా ఉంది. నేను అడయారు సిగ్నల్ చుట్టుపక్కల పరుగెత్తను, నడుస్తాను. బీసెంట్ అవెన్యూ చివర ఆగి, సిగ్నల్ దాటి, వంతెన కాలిబాట ఎక్కాకే మళ్ళీ మొదలుపెడతాను. గడియారంలో లెక్క చెడుతుందని బాధపడేవాళ్ళుంటారు, ఆదివారం ఆరింటికి వెళితే బండ్లు తక్కువ కాబట్టి ఆ నడకా తగ్గుతుంది. కంచెల పక్కన మట్టి రోడ్డు మీదికి జారి ఉంటుంది, వాన పడిన మర్నాడు బూట్లు పట్టు ఇవ్వవు, అక్కడ మాత్రం తొందరపడకండి. చేపాక్ నుంచి తిరిగి రావడానికి చిల్లర జేబులో ఉంచుకోండి, పొద్దున్నే కౌంటరులో పెద్ద నోటుకు చిల్లర దొరకదు. ఆదివారం రైళ్ళు కూడా తక్కువ, వేళలు ముందే చూసుకుని వెళ్ళండి.